గ్రామీణ గృహాలకు పోర్టబుల్ బ్యాటరీ స్టేషన్‌తో సౌర విద్యుత్ : డోర్నకల్ పరిస్థితులకు తగిన రూపకల్పన

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన అతి భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. కాజీపేట - విజయవాడ మార్గంలో రాకపోకలు స్తంభించాయి. అదే మార్గంపై ఉన్న డోర్నకల్ పూర్వం వరంగల్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి మహబూబాబాద్ జిల్లాలో భాగం. వరి, పత్తి, మిరప పండించే ఈ ప్రాంతంలో వరదకో, ఈదురుగాలికో విద్యుత్ లైన్లు దెబ్బతిన్నప్పుడు రైతు కుటుంబానికి వెలుతురు, ఫోను, ఫ్యాను ఒకేసారి దూరమవుతాయి. అటువంటి సమయంలో ఆదుకొనేందుకు సౌర ఫలకం, పోర్టబుల్ బ్యాటరీ స్టేషన్ కలిపిన చిన్న ఏర్పాటును ఎట్లా రూపొందించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కప్పుమీద ఫలకాలున్నా కరెంటు ఎందుకు రాదు?

పీఎం సూర్యఘర్ పథకం కింద గృహాలకు 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల కేంద్ర రాయితీ లభిస్తుంది. ఈ ఏర్పాట్లు గ్రిడ్‌కు అనుసంధానమై పనిచేస్తాయి. గ్రిడ్‌లో సరఫరా నిలిచిన వెంటనే వీటి ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. లైనుపై మరమ్మతు చేసే సిబ్బందికి ప్రమాదం కలుగకుండా ఈ నిబంధన ఉన్నది. కనుక బ్యాటరీ లేని గ్రిడ్ ఏర్పాటు బిల్లును తగ్గిస్తుందే గాని, కరెంటు పోయినప్పుడు ఆ ఇంటికి పట్టపగలు సైతం వెలుగునివ్వదు.

బ్యాటరీ స్టేషన్ ప్రయోజనం ఇందుకు భిన్నమైనది. బ్యాటరీ, చార్జ్ కంట్రోలర్, ఇన్వర్టర్ మూడూ ఒకే పెట్టెలో అమరి ఉండి, ఒక గదినుండి మరొక గదికి, అవసరమైతే ఎత్తైన చోటికి తీసుకొనిపోగలిగిన సాధనమిది. దీనిని బిల్లు తగ్గించేందుకు గాక, సరఫరా లేని వేళ అత్యవసరాలు తీర్చేందుకు ఉద్దేశించాలి. అందువలన రూపకల్పన ఫలకంతో గాక, ఆ అత్యవసరాల లెక్కతో మొదలు కావాలి.

మొదటి మెట్టు : వినియోగం లెక్క

ఒక నమూనా కుటుంబానికి ఒక రోజు అత్యవసర వినియోగం ఈ విధంగా ఉంటుంది.

9 వాట్ల ఎల్ఈడీ బల్బులు 4, 5 గంటలు : 180 వాట్-గంటలు
30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు 2, 10 గంటలు : 600 వాట్-గంటలు
50 వాట్ల టీవీ, 3 గంటలు : 150 వాట్-గంటలు
సెల్‌ఫోన్లు 3 : 45 వాట్-గంటలు
మొత్తం : 975 వాట్-గంటలు

ఇదే ఇంట్లో 75 వాట్ల సాధారణ ఫ్యాన్లుంటే వాటికే 1,500 వాట్-గంటలు కావాలి; మొత్తం 1,875కు చేరుతుంది. రెండు ఫ్యాన్లను మార్చినంత మాత్రాన వినియోగం దాదాపు సగానికి తగ్గుతున్నది. పెద్ద బ్యాటరీ కొనక ముందే ఫ్యాన్లను మార్చుకోవడం మేలని రైతులకు సూచించాలి.

రెండవ మెట్టు : బ్యాటరీ పరిమాణం

ఇన్వర్టర్ సామర్థ్యాన్ని 85 శాతంగా తీసుకొంటే 975 వాట్-గంటల కోసం బ్యాటరీనుండి సుమారు 1,147 వాట్-గంటలు వ్యయమవుతాయి. పరికరాలు నడిచినా నడవకున్నా ఇన్వర్టర్ తన కోసం కొంత విద్యుత్తును వాడుకొంటుంది. గంటకు 15 వాట్-గంటల చొప్పున 12 గంటలకు ఇది 180. రెండూ కలిపి 1,327. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకుండా 10 శాతం మిగుల్చుకోవాలంటే 1,327 ÷ 0.9 = 1,474 వాట్-గంటలు అవసరం. అంటే 1.5 కిలోవాట్-గంటల స్టేషన్ సరిపోతుంది. సాధారణ ఫ్యాన్లతో ఇదే లెక్క 2.6 కిలోవాట్-గంటలు దాటుతుంది.

ముసురు పట్టి ఎండ రాని రోజులలో బల్బులు, ఫోన్లకు మాత్రమే పరిమితమై, ఇన్వర్టర్‌ను రోజుకు 5 గంటలే నడిపితే దినవ్యయం సుమారు 340 వాట్-గంటలు. నిండుగా చార్జయిన స్టేషన్ ఆ లెక్కన దాదాపు నాలుగు రోజులు నిలుస్తుంది. కనుక వాతావరణ హెచ్చరిక వెలువడగానే దానిని ఇంటి కరెంటుతోనే పూర్తిగా చార్జి చేసి ఉంచుకోవాలి.

మూడవ మెట్టు : సౌర ఫలకం

తెలంగాణ మైదాన ప్రాంతంలో సాలీనా సగటున చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 యూనిట్ల సౌరశక్తి లభిస్తుంది. దీనిని 5 పూర్తి ఎండ గంటలుగా భావిస్తారు. రూపకల్పనకు 4 గంటలు, ముసురు రోజులకు 3 గంటలు తీసుకోవడం క్షేమం. వేడి, దుమ్ము, వైర్లలో నష్టాలు పోగా 70 శాతం చేతికందుతుందనుకొంటే 1,327 ÷ (4 × 0.7) = 474 వాట్లు. ఒక 540 వాట్ల ఫలకం సరిపోతుంది. 3 గంటల ఎండలో ఇది 1,134 వాట్-గంటలిస్తుంది. ఆనాటికి టీవీని మానుకొంటే లోటు దాదాపు తీరుతుంది.

డోర్నకల్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువలో ఉన్నందున ఫలకాన్ని దక్షిణాభిముఖంగా సుమారు 17 డిగ్రీల వాలుతో అమర్చాలి. చెట్టు నీడ, నీళ్ల ట్యాంకు నీడ పడరాదు. మిరప కల్లాల దుమ్ము పేరుకొనే కాలంలో ఉదయం చల్లని వేళ నీటితో తుడవాలి.

కొనేముందు స్టేషన్ సోలార్ ఇన్‌పుట్‌కు గల వోల్టేజి పరిమితిని తప్పక చూడాలి. 540 వాట్ల ఫలకం ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి సుమారు 49.5 వోల్టులు, చలికాలపు ఉదయాలలో ఇది మరికొంత పెరుగుతుంది. 60 వోల్టుల పరిమితి గల స్టేషన్‌కు ఒక ఫలకం తగును. రెండింటిని సిరీస్‌లో కలిపితే 99 వోల్టులై స్టేషన్ దెబ్బతింటుంది.

ఏమి నడుస్తుంది, ఏమి నడవదు

12 వోల్టులు, 8 ఆంపియర్-గంటల బ్యాటరీ స్ప్రేయర్‌లో నిలువ ఉండేది 96 వాట్-గంటలే. పైరుపై మందు పిచికారీ చేసే రోజులలో దానిని ఈ స్టేషన్‌తో సులభంగా చార్జి చేసుకోవచ్చు. అయితే 5 హెచ్‌పీ బోరు మోటారుకు 3.7 కిలోవాట్లు, అదీ త్రీఫేజ్ సరఫరా కావాలి. మొదలయ్యేటప్పుడు అది అంతకు కొన్ని రెట్ల కరెంటును తీసుకొంటుంది. సింగిల్ ఫేజ్ స్టేషన్ దానిని నడపలేదు. సాగునీటికి పీఎం కుసుమ్ వంటి పథకాల సోలార్ పంపుసెట్లే మార్గం. ఈ భేదాన్ని ముందే చెప్పకపోతే రైతు పెట్టుబడి వృథా అవుతుంది.

భద్రత

స్టేషన్ నుండి రెండువైపులా ప్లగ్గులున్న వైరుతో ఇంటి సాకెట్‌లోకి కరెంటు ఎక్కించడం ప్రాణాపాయకరం. మెయిన్ ఆపకుండా అట్లా చేస్తే విద్యుత్తు వెనక్కు ప్రవహించి, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా హెచ్చు వోల్టేజిగా మారి స్తంభంపై ఉన్న లైన్‌మన్‌ను బలిగొనగలదు. సరఫరా తిరిగి వచ్చిన క్షణాన స్టేషన్ కూడా కాలిపోవచ్చు. పరికరాలను నేరుగా స్టేషన్‌కే తగిలించాలి. లేదా అర్హతగల ఎలక్ట్రీషియన్‌చే ప్రత్యేక వైరింగ్, చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మన వేడి వాతావరణానికి మెరుగైనది. దాని ఆయుష్షు కూడా ఎక్కువ. అయినా 45 డిగ్రీల సెల్సియస్ దాటితే సాధారణంగా చార్జింగ్ ఆగిపోతుంది. మే నెలలో రేకుల కప్పు కింది గదులు ఆ వేడిని సులువుగా చేరుకొంటాయి. కనుక దానిని గాలి ఆడే నీడపట్టున, నేలకు ఎత్తుగా బల్లపై ఉంచాలి. పత్తి, గడ్డి, పురుగుమందులు నిలువచేసే గదిలో ఉంచరాదు.

విస్తరణ కార్యకర్తలకు సూచన

కొనుగోలుకు ముందు ప్రతి కుటుంబం చేత రెండు విషయాలు రాయించాలి: కరెంటు ఎన్ని గంటలు పోతున్నది, ఆ సమయంలో తప్పనిసరిగా నడవవలసిన పరికరాలేవి. వాటి వాట్లను పరికరంపై ఉన్న చీటీనుండి తీసుకొని పై లెక్కలో వేస్తే స్టేషన్ పరిమాణం, ఫలకం పరిమాణం రెండూ తేలుతాయి. సరఫరా అరుదుగా ఒకటి రెండు గంటలు మాత్రమే నిలిచిపోయే ఇంటికి సౌర ఫలకం లేకుండా ఇంటి కరెంటుతో చార్జయ్యే చిన్న స్టేషనే చాలును. రోజుల తరబడి సరఫరా తెగిపోయే వాగు ఒడ్డు తండాలకు, శివారు ఇండ్లకు ఫలకం తప్పనిసరి.