ట్రయథ్లాన్ ఈతకు వెట్‌సూట్: కొలతల కన్నా ముందు నీటి ఉష్ణోగ్రత

గోవా మిరామార్ బీచ్‌లో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీతో భారత్‌లో చాలామందికి ట్రయథ్లాన్ పరిచయమైంది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైక్లింగ్, 21.1 కిలోమీటర్ల పరుగు. దాన్ని పూర్తిచేసినవారిలో కొందరు తర్వాత యూరప్ పోటీల వైపు చూస్తారు. అప్పటిదాకా అవసరమే రాని ఒక వస్తువు అక్కడ కొనాల్సిన జాబితాలో చేరుతుంది. అదే వెట్‌సూట్. మెడ నుంచి చీలమండ దాకా ఒంటికి అతుక్కుని ఉండే నల్లటి రబ్బరు దుస్తు. పోటీ రుసుము, విమాన టికెట్ తర్వాత పెద్ద ఖర్చుల్లో ఇదొకటి. ఎంపిక తప్పితే డబ్బు పోవడమే కాదు, నీళ్లలో ఊపిరి ఆడని పరిస్థితీ రావచ్చు.

అసలు అవసరమా అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు ఈతగాడి ఇష్టంలో లేదు, నీటి ఉష్ణోగ్రతలో ఉంది. ఐరన్‌మ్యాన్ నిబంధనల ప్రకారం వృత్తి క్రీడాకారులు కాని పోటీదారులకు నీరు 24.5 డిగ్రీల సెల్సియస్ వరకూ ఉంటే వెట్‌సూట్‌కు అనుమతి ఉంది. అంతకు మించి 28.8 డిగ్రీల వరకూ వేసుకోవచ్చు కానీ, బహుమతులకూ ప్రపంచ చాంపియన్‌షిప్ అర్హతకూ వారిని లెక్కలోకి తీసుకోరు. ఆపైన పూర్తిగా నిషేధం. వరల్డ్ ట్రయథ్లాన్ నిబంధనలు ఇంకా కఠినం. 1,500 మీటర్ల ఈతలో ఏజ్ గ్రూప్ పోటీదారులకు 22 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ వద్దంటారు, 15.9 డిగ్రీలకు తగ్గితే వేసుకుని తీరాలంటారు. కాబట్టి వెళ్లబోయే పోటీ ఏ సంస్థది, ఆ నెలలో అక్కడి నీరు గత కొన్నేళ్లుగా ఎంత ఉంటోంది అన్న రెండు విషయాలూ తెలియకుండా దుకాణంలో అడుగు పెట్టడం వృథా.

గోవా పోటీ మామూలుగా వెట్‌సూట్ లేకుండానే జరుగుతుంది. అక్కడికి మాత్రమే వెళ్లేవారు దీన్ని కొననక్కర్లేదు. కావాలంటే స్విమ్‌స్కిన్ అనే పలుచటి సూట్ ఉంది. అందులో రబ్బరు ఉండకూడదు, మొత్తం నేత బట్టే కావాలి. అది నీటి ఒరిపిడిని కాస్త తగ్గిస్తుంది కానీ తేల్చదు. జూన్ మొదట్లో ఉత్తర యూరప్ సరస్సుల పరిస్థితి వేరు. అక్కడ నీరు 20 డిగ్రీల లోపు ఉండటం సాధారణమే. పోటీల పూల్‌లో నీరు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నిబంధన. అలాంటి నీటికి అలవాటుపడిన ఒంటికి ఈ తేడా చిన్నది కాదు.

నీళ్లలో వెచ్చదనం ఎక్కడిది?

సూట్‌లోకి చేరిన కొద్దిపాటి నీరు ఒంటి వేడికి వెచ్చబడి చలిని ఆపుతుందని చాలాచోట్ల చెబుతారు. అది సగం నిజమే. అసలు పని చేసేది నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరులో చిక్కుకున్న లక్షలాది వాయు బుడగలు. వేడిని బయటికి పోనివ్వనివీ, మనిషిని పైకి తేల్చేవీ అవే. లోపల నీరు కదులుతూ ఉంటే ఒంటి వేడిని అది మోసుకుపోతుంది. అందుకే వదులుగా ఉన్న సూట్ ఎంత మందంగా ఉన్నా చలి ఆపలేదు.

1950ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నౌకాదళ ఈతగాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ సూట్‌ను రూపొందించారు. ట్రయథ్లాన్ కోసం ప్రత్యేకంగా తయారైంది మాత్రం చాలా తర్వాత. 1987లో డాన్ ఎంప్‌ఫీల్డ్ అమెరికాలో క్వింటానా రూ సంస్థను పెట్టి దాన్ని మార్కెట్లోకి తెచ్చారు. సర్ఫింగ్, డైవింగ్ సూట్లతో దీనికి పేరు మాత్రమే కలుస్తుంది. వాటికి పైన బట్ట పొర ఉంటుంది, భుజాలు బిగుసుకుంటాయి. ట్రయథ్లాన్ సూట్ పైభాగం నున్నటి రబ్బరు. చేతులు తిప్పడానికి వీలుగా భుజాల దగ్గర 1.5 నుంచి 2 మిల్లీమీటర్లే మందం, ఛాతీ, తొడల దగ్గర 3 నుంచి 5. ఎక్కడా 5 మిల్లీమీటర్లు మించకూడదన్నది నిబంధన. స్నేహితుడి దగ్గర డైవింగ్ సూట్ ఉంది కదా అని దానితో 1.9 కిలోమీటర్లు ఈదాలనుకునేవారికి మొదటి 300 మీటర్లలోనే భుజాలు జవాబు చెబుతాయి.

ఈ సూట్ వేగం కూడా పెంచుతుంది. 1989లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచినప్పుడు సెకనుకు 1.25 మీటర్ల వేగం దగ్గర నీటి నిరోధం సుమారు 14 శాతం తగ్గింది. నడుము, కాళ్లు పైకి తేలడం ఇందుకు ముఖ్య కారణం.

ఎవరికి ఎలాంటిది అన్నది ఇక్కడే తేలుతుంది. పరుగు నుంచో, సైక్లింగ్ నుంచో ఈ క్రీడలోకి వచ్చినవారికి ఈదేటప్పుడు సాధారణంగా కాళ్లు కిందికి దిగిపోతాయి. వారికి తొడల దగ్గర 5, ఛాతీ దగ్గర 3 మిల్లీమీటర్లుండే రకం మేలు. చిన్నప్పటి నుంచీ ఈత నేర్చినవారి శరీరం నీటిపై ముందే సమంగా ఉంటుంది. కాళ్లను మరీ పైకి లేపే సూట్ వేస్తే వారి తన్ను గాలిలో పడుతుంది. అలాంటివారికి అంతటా దాదాపు ఒకే మందం ఉన్నది కావాలి. హబ్ అనే బ్రిటిష్ సంస్థ తన సూట్లను 3:5, 4:4 అని వేరు చేసి అమ్మేది ఇందుకే. అత్యంత ఖరీదైన సూట్ తరచూ భుజాలు బాగా కదిలే నేర్పరి కోసం చేసిందై ఉంటుంది. కొత్తవారికి కాళ్లను తేల్చే మధ్య ధరదే ఎక్కువ ఉపయోగపడుతుంది. పొడవు చేతులున్నది వెచ్చగా, వేగంగా ఉంటుంది. చేతుల్లేనిది భుజాలకు స్వేచ్ఛనిస్తుంది, కానీ చంకల దగ్గర నీరు చొరబడుతుంది. ఒకటే కొనగలిగితే చేతులున్నదే తీసుకోవడం నయం.

సైజు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు మూడూ ఒకే గడిలో పడకపోతే ఎత్తు కన్నా ఛాతీ, బరువులకు విలువివ్వాలి. కాళ్లు కాస్త పొట్టిగా ఉంటే నష్టం లేదు. సైకిల్ దగ్గర త్వరగా విప్పడానికి కొందరు పిక్కల దగ్గర కత్తిరిస్తారు కూడా. నేల మీద వేసుకున్నప్పుడు నీళ్లలో కన్నా బిగుతుగా అనిపిస్తుంది. ఆ భయంతోనే ఒక సైజు పెద్దది కొనేస్తారు. నడుము వెనుక వంపులో రబ్బరు గుప్పెడు చేతికొస్తే అది పెద్దదే, అక్కడ నీరు సంచిలా నిలుస్తుంది. భుజాలు లాగుతున్నంత మాత్రాన చిన్నదని కాదు. చాలాసార్లు సూట్‌ను గజ్జల దాకా పూర్తిగా పైకి లాగకపోవడమే కారణం. పాదానికి ప్లాస్టిక్ కవర్ తొడిగితే కాలు సులువుగా జారుతుంది. గోళ్లతో లాగితే నున్నటి రబ్బరు నెలవంకలా చీలుతుంది, వేళ్ల మెత్తటి భాగంతోనే లాగాలి. మెడ దగ్గర ఒరిపిడికి పూత రాసుకోవాలి. పెట్రోలియం జెల్లీ నియోప్రీన్‌ను పాడుచేస్తుంది కాబట్టి అది వద్దు.

మెడ, ఛాతీ బిగుతు విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్‌లలో జరిగిన మరణాలు, గుండె ఆగి బతికిన ఘటనలు మొత్తం 135 అని 2017లో వెలువడిన ఓ వైద్య అధ్యయనం లెక్కగట్టింది. అందులో 90 ఈతలోనే. ఇవి వెట్‌సూట్ వల్ల జరిగాయని ఆ లెక్క చెప్పదు. కానీ చల్లటి నీరు, చుట్టూ గుంపు, ఛాతీని నొక్కే రబ్బరు ఒకేసారి మొదటిసారి ఎదురైతే కంగారు పుట్టడం సహజం. పోటీ రోజే కొత్త సూట్ వేసుకోకూడదని శిక్షకులు పదేపదే చెప్పేది అందుకే. కనీసం నాలుగైదుసార్లు చెరువులోనో, సముద్రంలోనో దానితో ఈదాలి. కంగారు పడితే వెల్లకిలా తిరిగితే చాలు, సూటే తేలుస్తుంది. అయితే గోరువెచ్చటి నీటిలో ఎక్కువసేపు సాధన చేస్తే ఒళ్లు వేడెక్కుతుంది. 2010లో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ యూఏఈలో వేడి నీటిలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో మరణించారు. ఆయన ఒంటిపై రబ్బరు సూట్ కూడా లేదు. మన తీరంలో సాధన పది, పదిహేను నిమిషాలకు పరిమితం చేయడం మంచిది.

ధర విషయానికొస్తే, ప్రాథమిక రకాలు 200 డాలర్ల చుట్టూ దొరుకుతాయి, పై రకాలు 800 డాలర్లు దాటుతాయి. తెప్పించుకుంటే దిగుమతి సుంకం అదనం, సైజు కుదరకపోతే తిప్పి పంపడం తలనొప్పి. జీవితంలో ఒకే ఒక్క చలి నీటి పోటీకి వెళ్లేవారికి అద్దె సూటే తెలివైన పని. చాలా దేశాల్లో ఆ సౌకర్యం ఉంది. కాకపోతే ముందుగా బుక్ చేసుకుని, పోటీకి రెండు మూడు రోజుల ముందే వెళ్లి నీళ్లలో వేసి చూడాలి.

కొన్నవారు దాన్ని మంచినీటితో కడిగి, లోపలి వైపు బయటికి తిప్పి నీడలో ఆరబెట్టాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే రబ్బరు పెళుసెక్కి, అతుకులు ఊడతాయి.