మరిగే మాటలు

పొయ్యిమీద నీళ్లు మరుగుతాయి. కోపం వచ్చినప్పుడు మనిషి రక్తం మరుగుతుందంటారు. వంటింటి మాటతో మనసులోని ఆవేశాన్ని తెలపడం చాలా భాషలలో ఉంది. అయితే అటువంటి పలుకుబళ్లను ఒక భాషనుండి మరొక భాషలోకి తేవడం అన్నివేళలా తేలిక కాదు. స్పానిష్‌నుండి ఇంగ్లీషులోకి వెళ్లిన కొన్నింటిని పరిశీలిస్తే ఈ సంగతి తెలుస్తుంది.

స్పానిష్‌లో 'ఎర్బీర్' అంటే మరగడం. 'మే యెర్బె లా సాంగ్రె' అంటే 'నా రక్తం మరుగుతోంది' అని అర్థం. ఇంగ్లీషులోనూ ఇదే పలుకుబడి ఉంది. కాబట్టి ఇక్కడ మాటకు మాట సరిపోతుంది.

'ఎచార్ చిస్పాస్' అంటే నిప్పురవ్వలు విసరడం. మన 'నిప్పులు చెరగడం' దీనికి దగ్గరి చుట్టం. ఇంగ్లీషులో మాత్రం దీనిని ఉన్నదున్నట్లు పెడితే పొసగదు. అందుకే అనువాదకుడు 'ఫ్యూమింగ్', అంటే పొగలు కక్కడం, అనే మాటను ఎన్నుకొంటాడు. లేదా 'సీదింగ్' అంటాడు. 'సీద్' అనే క్రియకు పూర్వం మరగడమనే అర్థం. నేడు ఎక్కువగా లోలోపల కోపంతో ఉడికిపోవడాన్నే అది తెలుపుతుంది.

అసలు చిక్కు మూడవదానితో వస్తుంది. మెక్సికోలో చాక్లెట్ పానీయాన్ని పాలతోనే కాక నీళ్లతో కూడా కాస్తారు. ఆ నీరు బాగా కాగి, మరిగే స్థితికి రావాలి. అందువల్ల కోపంతోనో ఉద్వేగంతోనో పొంగిపోవడానికి సిద్ధంగా ఉన్న మనిషిని 'చాక్లెట్ కాచే నీళ్లలా ఉన్నాడు' అంటారు. లౌరా ఎస్కివెల్ అనే మెక్సికో రచయిత్రి 1989లో వెలువడిన తన నవలకు ఈ పలుకుబడినే పేరుగా పెట్టింది. దానిని ఇంగ్లీషులో ఏమనాలి? 'బాయిలింగ్ పాయింట్' అంటే భావం తెలుస్తుంది, చాక్లెట్ పోతుంది. మాటకు మాట ఉంచితే చాక్లెట్ నిలుస్తుంది. భావం వెంటనే స్ఫురించదు. 1992లో వచ్చిన అనువాదానికి 'లైక్ వాటర్ ఫర్ చాక్లెట్' అని మాటకు మాట పేరే ఉంచారు. ప్రతి అధ్యాయమూ ఒక వంటకంతో మొదలయ్యే ఆ నవలకు వంటింటి పేరే తగినది.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో మాట్లాడే పిల్లలకు ఈ చిక్కు కొత్త కాదు. 'అతని మాటలకు కడుపు మండింది' అన్నదానిని మాటకు మాట మార్చి చెబితే, వినేవారు మందు తెచ్చి ఇవ్వవచ్చు! మాట మారినా భావం చేరాలి. భావంతోపాటు ఆ మాట పుట్టిన ఇల్లు కూడా కనిపిస్తే, అది మరింత మంచి అనువాదం.