మీ పాటల గది మూలుగుతోందా?

అత్తమ్మ హారతి పాట ఎదురుగా కూర్చుని వింటే ఎంత కమ్మగా ఉంటుందో! అదే పాట రికార్డు చేసి వింటే గంగాళంలో తలపెట్టి పాడినట్టు ఎందుకుంటుంది? మీకెప్పుడైనా ఈ అనుమానం వచ్చిందా?

షాద్‌నగర్ లాంటి ఊళ్లో ఇప్పుడు ఇంట్లోనే పాట రికార్డు చేసుకోవడం పెద్ద పనేం కాదు. సామాను గది ఖాళీ చేసి ఓ మైకూ, ఓ కంప్యూటరూ పెట్టుకుంటే చాలు. కానీ పెద్దవాళ్ల పెళ్లిపాటలు, బతుకమ్మ పాటలు చాలావరకు ఏ పుస్తకంలోనూ ఉండవు. వాళ్ల గొంతు బాగున్న రోజుల్లోనే పట్టుకోవాలి. అలాంటి పాట గది మోతలో కలిసిపోతే ఎంత బాధ! అందుకే మైకు మార్చే ముందు గది సంగతి చూడండి.

మోత ఎక్కడిది?

సన్నని శబ్దాన్ని పరదా, బట్టల బీరువా, మంచం మీది దుప్పటి మింగేస్తాయి. మంద్రధ్వని, అంటే బేస్, వాటికి లొంగదు. గోడకు కొట్టుకుని వెనక్కొస్తుంది, ఎదుటి గోడకు తగిలి మళ్లీ వస్తుంది. గది 10 అడుగుల వెడల్పుంటే సెకనుకు సుమారు 56 కంపనాలున్న స్వరం అందులో ఉయ్యాలలా ఊగుతూ పెరుగుతుంది. దానికి రెట్టింపు 112, మూడింతలు 168 కూడా అంతే. ఆడవాళ్లు మామూలుగా మాట్లాడే గొంతు సుమారు 165 నుంచి 255 కంపనాల మధ్య ఉంటుంది. కాబట్టి మన గొంతూ ఈ వలలో పడుతుందన్నమాట. డోలక్కో, డప్పో తోడైతే ఇక చెప్పనక్కరలేదు.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉన్న గదిలో ఈ బాధ మరీ ఎక్కువ. మూడు వైపులా ఒకే స్వరం ఉబ్బుతుంది కదా! మీకు రెండు గదులుంటే పొడుగ్గా ఉన్నదాన్నే ఎంచుకోండి.

బేస్ ఒత్తిడి గోడల దగ్గర, అన్నిటికన్నా మూలల్లో ఎక్కువగా ఉంటుంది. అక్కడ మందంగా పెట్టే పీల్చే సరుకునే బేస్ ట్రాప్ అంటారు.

కొనే ముందు పరుపుతో పరీక్ష

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఓ ఉపన్యాసాల హాలు మాట అర్థం కానంతగా మోగేది. దాన్ని సరిచేసే పని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడి మీద పడింది. ఆయన పక్కనున్న నాటకశాల కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోయించి తెచ్చి, ఎన్ని పరిస్తే మోత ఎంత తగ్గుతుందో లెక్క కట్టాడు. చూశారా, గదుల శబ్దశాస్త్రం పరుపులతోనే మొదలైంది!

మీరూ అదే చేయండి. మైకు ముందు నిలబడి ఒకే జోరుతో కింది షడ్జం నుంచి మెల్లగా పైకి "ఊ..." అంటూ వెళ్లండి. విని చూస్తే ఏదో ఒక స్వరం దగ్గర గొంతు ఉబ్బినట్టు తెలుస్తుంది. ఇప్పుడు ఇంట్లో ఉన్న దూది పరుపులు చుట్టి మూలల్లో నిలబెట్టి, మళ్లీ రికార్డు చేయండి. తేడా తెలిసిందా? అయితే మూలల మీద పెట్టే డబ్బు వృథా పోదు. తెలియలేదా? మైకు ఓ అడుగు జరిపి చూడండి. గది సరిగ్గా నడిమధ్యలోనూ, మూలలోనూ మాత్రం పెట్టకండి.

కొనేటప్పుడు ఇవి చూసుకోండి

* అందం కాదు, మందం చూడండి. గవ్వల్లా, మెట్లలా కత్తిరించిన పలుచని ఫోమ్ సన్నని శబ్దాన్నే తగ్గిస్తుంది. అది గోడల నిండా అంటిస్తే పాటలో మెరుపు పోయి మోత మాత్రం మిగులుతుంది. కోడిగుడ్ల అట్టలు అసలే దండగ.

* ఫ్యాక్టరీల్లో వేడి పైపుల చుట్టూ చుట్టే రాక్‌వూల్ పలకలు ఈ పనికి బాగా పనికొస్తాయి. ఘనపు మీటరుకు 48 నుంచి 64 కిలోల సాంద్రత ఉన్నవి అడగండి. 2 అంగుళాల పలకలు రెండు కలిపి 4 అంగుళాలు చేయండి.

* 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు చెక్క చట్రం వడ్రంగి చేత చేయించి, మూలకు అడ్డంగా నిలబెట్టండి. వెనక మధ్యలో అడుగు లోతు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ కూడా పనిచేస్తుంది, దాన్ని నింపనక్కరలేదు. ఒకదానిపై ఒకటి రెండు పెడితే 8 అడుగుల ఎత్తు వస్తుంది. డబ్బు చాలకపోతే ముందు రెండు మూలలు చేసుకోండి.

* పైన తొడిగే బట్టను నోటికి ఆనించి ఊదండి. ఊపిరి దాటితే మంచిదే. పాత నేత చీర చక్కగా సరిపోతుంది. రెక్సిన్ వద్దు.

* రాక్‌వూల్ నూగు చేతికి, కంటికి దురద పెడుతుంది. మాస్కు, గ్లవ్స్, నిండు చేతుల జాకెట్టు వేసుకోండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. చెమ్మ గోడకు ఆనించకండి.

* రాక్‌వూల్ మండదు గానీ బట్టా, చెక్కా మండుతాయి. చవక ఫోమ్ అయితే చెప్పనే అక్కరలేదు. దీపం, అగరుబత్తి ఆ గదిలో వద్దు.

ఆశపడకూడని సంగతి

బేస్ ట్రాప్ పెట్టగానే బయటి చప్పుడు ఆగిపోతుందనుకుంటారు చాలామంది. ఆగదు! శంషాబాద్‌లో 2008లో మొదలైన విమానాశ్రయానికి వచ్చే విమానమైనా, షాద్‌నగర్ స్టేషన్ దాటే రైలైనా, 44వ నంబరు జాతీయ రహదారి మీది లారీ అయినా లోపలికి వచ్చే దారి వేరు. కిటికీ సందులు, తలుపు కింది ఖాళీ మూయాలి. అన్నిటికన్నా మంచి మందు మీ చేతిలోనే ఉంది. ఏ వేళ మీ వీధి సద్దుమణుగుతుందో వారం రోజులు గమనించి, ఆ వేళకే పాట పెట్టుకోండి. ఆ కాసేపు ఫ్యానూ, ఫ్రిజ్జూ ఆపేయండి. పని అయ్యాక ఫ్రిజ్ స్విచ్ మళ్లీ వేయడం మరిచిపోకండేం!

ట్రాపులు వచ్చేదాకా పాట ఆపాలా అంటారా? అక్కరలేదు. ఈ ఆదివారమే పరుపులు మూలకు చేర్చి, అత్తమ్మను కూర్చోబెట్టి ఒక పాట పట్టుకోండి. ట్రాపులు తర్వాతైనా కొనుక్కోవచ్చు. ఆ గొంతును కొనలేం కదా!