ఫ్రీజర్‌లో పెడితే మందు అట్లనే ఉంటుందా?

మన తెలుగులో "మందు" ఒకటి కాదు, మూడు. జ్వరానికి వేసుకునేది మందే, పత్తి చేనుకు కొట్టేది మందే, బ్రాందీ షాపులో అమ్మేదీ మందే. వీటిలో ఏది మనిషి ఒంట్లోకి పోయిందో తేల్చాలంటే రక్తం, మూత్రం, లివర్ ముక్క లాంటి శాంపిల్స్ ల్యాబ్‌కి పంపుతారు. పరీక్ష చేసేదాకా వాటిని చల్లగా దాచాలి. కూర ఏది మిగిలినా మా జేజి "ఫ్రిజ్జులో పెట్టినా కదా, ఏం కాదులే" అంటుంది. నేనూ ఫ్రీజర్ అంటే పాజ్ బటన్ అనుకున్నా. కాదంట, స్లో మోషన్ మాత్రమే.

ఎంత స్లో? కెమిస్ట్రీలో ఒక మోటు లెక్క ఉంది. 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ రియాక్షన్ వేగం దాదాపు సగమవుతుంది. కర్నూలు ఎండ 40 డిగ్రీలు అనుకుందాం. మైనస్ 20కి దిగితే ఆరుసార్లు సగం, అంటే 64లో ఒక వంతు. ఎండలో ఒక్కరోజు జరిగే నష్టం ఫ్రీజర్‌లో రెండు నెలలకు జరుగుతుంది. తగ్గింది, ఆగలేదు. అందుకే చాలా ల్యాబ్‌లు మైనస్ 70 వాడతాయి.

మూడు మందులూ ఒకేలా పాడవవు. ఫిట్స్‌కి ఇచ్చే క్లోనజెపామ్‌ని బ్యాక్టీరియా 7-అమైనోక్లోనజెపామ్‌గా మార్చేస్తుంది. కాబట్టి ల్యాబ్ ఈ రెండోదాన్ని కూడా వెతకాలి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు నీళ్లతో, ఎంజైములతో మెల్లగా విడిపోతాయి. ఆల్కహాల్ కథ వేరే. మూత సరిగా లేకపోతే ఆవిరై తగ్గుతుంది, సూక్ష్మజీవులు చక్కెరను పులియబెడితే పెరుగుతుంది! అందుకే రక్తంలో సోడియం ఫ్లోరైడ్ కలుపుతారు. పోస్టుమార్టంలో తీసిన విసెరాను మామూలుగా చిక్కటి ఉప్పునీళ్లలో వేస్తారు. మన ఊరగాయ సూత్రమే.

ఇంకో శత్రువు కరెంటు కోత. శాంపిల్ కరిగి మళ్లీ గడ్డకడితే కణాలు పగిలి లోపలి ఎంజైములు బయటికొస్తాయి. అందుకే 2022లో వచ్చిన ఐసీహెచ్ ఎం10 మార్గదర్శకం ప్రకారం, కొత్త మందుల రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లు తెలిసినంత మందు కలిపిన శాంపిల్‌ని కనీసం మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి చూడాలి. అసలు శాంపిల్స్ ఎన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంటాయో, ఇదీ అన్ని రోజులు ఉంచి కొలవాలి. తేడా 15 శాతం దాటకూడదు.

ఇదంతా మనకెందుకు? కర్నూలు, కడప లాంటి మెట్ట జిల్లాల్లో అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి సాయం అందాలంటే ఫోరెన్సిక్ రిపోర్టు కూడా అడుగుతారు. అందులో "విషం కనబడలేదు" అని వస్తే? లేదు అని కాదు దానర్థం. ల్యాబ్ చూసిన రోజుకి, ఆ మిషన్‌కి కనబడలేదు, అంతే. శాంపిల్ ఎప్పుడు తీశారు, ఎక్కడ, ఎంత చల్లగా పెట్టారు, ఎన్నిసార్లు కరిగింది అనేవి కూడా ఆ రిపోర్టు పక్కన ఉంటేనే ఆ మాటకి విలువ. మా భాషలో చెప్పాలంటే, లాగ్ ఫైల్ లేని రిజల్ట్‌ని నమ్మొద్దు.