చిన్న సముద్రం, మంచి పొరుగు

ముందుగదిలో ఒక గాజుతొట్టి, అందులో నెమ్మదిగా ఈదే నాలుగు రంగుల చేపలు. పిల్లలనూ పెద్దలనూ ఒకేచోట గంటసేపు కూర్చోబెట్టగల దృశ్యమిది. మంచినీటి చేపలకు అలవాటుపడిన కుటుంబాలలో కొన్ని ఇప్పుడు ఉప్పునీటి చేపల వైపు, వాటితోపాటు మెత్తని పగడజీవులను పెంచే రీఫ్ తొట్టి వైపు చూస్తున్నాయి. అయితే సముద్రంలో ఒక చేపకు మరొకటి గిట్టకపోతే దూరంగా వెళ్ళిపోతుంది. రెండడుగుల తొట్టిలో వెళ్ళడానికి చోటు లేదు. అందువల్ల చేప రంగు చూడకముందే దాని స్వభావం తెలుసుకోవాలి.

ఈ సంగతిని మేము నష్టపోయి నేర్చుకున్నాము. మా ఇంటి తొట్టి 75 లీటర్లది. అందులో ఒక జత క్లౌన్ చేపలు, ఒక ఫైర్‌ఫిష్ ప్రశాంతంగా ఉండేవి. ఈద్ మరునాడు మా చిన్నవాడు తనకు వచ్చిన ఈదీ డబ్బులు పట్టుకుని చేపల దుకాణానికి వెళ్దామన్నాడు. అక్కడ నల్లని ఒంటిపై మూడు తెల్లని చుక్కలున్న, బొటనవేలంత చేప వాడికి నచ్చింది. ధర కూడా తక్కువే. “అన్నింటితో కలిసిపోతుంది, తీసుకెళ్ళు బాబూ” అన్నాడు దుకాణదారు. మేమూ మరోమాట అడగలేదు.

అది డొమినో డామ్‌సెల్. మూడు వారాలు గడిచేసరికి తొట్టి అంతా తనదేనన్నట్టు ప్రవర్తించసాగింది. ఫైర్‌ఫిష్ రాళ్ళ వెనుక దాక్కుని మేతకైనా బయటికి రావడం మానింది. ఒక ఉదయం అది మూత సందులోనుంచి దూకి, నేలమీద ఎండిపోయి కనిపించింది. “తప్పు నాదేనా?” అని చిన్నవాడు కన్నీళ్ళతో అడిగాడు. తప్పు వాడిది కాదు. అడిగి తెలుసుకోవలసిన పెద్దలము మేము.

నీరు ముందు, చేప తరువాత

తొట్టి కొన్న రోజే చేపను తెచ్చుకోరాదు. ఉప్పు కలిపిన నీటిలో రాళ్ళపై మేలుచేసే బాక్టీరియా పెరిగి, చేపల వ్యర్థాలనుంచి పుట్టే విషాన్ని అరిగించే స్థితికి రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చిన తరువాతే మొదటి చేపను వదలాలి. ఉప్పు సాంద్రత 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 25 – 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి.

మన ప్రాంతపు వేసవిలో ఇది తేలిక కాదు. చిన్న తొట్టి త్వరగా వేడెక్కుతుంది, నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పులేని ఆర్‌ఓ నీటినే ప్రతిరోజూ కలపాలి. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ గాలిపంపు ఒకటి ఇంట్లో ఉండడం మంచిది.

కలిసి బతికేవి

75 లీటర్ల తొట్టికి చిన్న చేపలు మూడు లేక నాలుగు చాలు. దుకాణంలో కనిపించే పరిమాణం చూసి మోసపోకుండా, పూర్తిగా ఎదిగాక ఎంత అవుతుందో అడగాలి. తలా ఒక చోటు కోరుకునే చేపలను ఎన్నుకుంటే తగవులు తగ్గుతాయి.

ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు ఎదిగినా 8 – 9 సెంటీమీటర్లు దాటడం అరుదు. ఇవన్నీ మగవిగానే పెరుగుతాయి. జతలో పెద్దది తరువాత ఆడదిగా మారుతుంది. అందుకని పరిమాణంలో కొద్దిగా తేడా ఉన్న రెండు పిల్లచేపలను ఒకేసారి తెచ్చుకుంటే జత కుదురుతుంది. మూడోదాన్ని చేర్చితే గొడవ తప్పదు. వీటికి సముద్రపు ఎనిమోన్ తప్పనిసరి అన్నది అపోహ. అది లేకుండానే తొట్టిలో హాయిగా జీవిస్తాయి.

రాయల్ గ్రామా కరీబియన్ సముద్రపు చేప. ముందుభాగం ఊదా, వెనుకభాగం పసుపు. తన రాతిగుహ వాకిలి దాకా వచ్చినవారిని నోరు తెరిచి బెదిరిస్తుందే తప్ప వెంటాడి వేధించదు. తొట్టికి ఒకటే ఉండాలి.

అడుగున ఇసుకలో ఉండేది పసుపు వాచ్‌మన్ గోబీ. పిస్టల్ రొయ్యతో దాని సహవాసం చూడదగినది. రొయ్య చూపు అంతంతమాత్రం, కాని బొరియ తవ్వడంలో దిట్ట. గోబీ బొరియ ముందు కాపలా కాస్తుంది. రొయ్య తన మీసాన్ని గోబీకి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనబడగానే గోబీ తోక ఆడిస్తుంది, రెండూ లోపలికి దూరిపోతాయి. ఒకరి లోటును మరొకరు తీర్చే ఈ కాపురం మా పిల్లలకు ఎన్ని పాఠాలు నేర్పిందో చెప్పలేము.

ఫైర్‌ఫిష్ కూడా మంచి చేపే. కాని పిరికిది, దూకే అలవాటున్నది. సన్నని వలతో చేసిన మూత, నెమ్మదైన పొరుగు ఉన్నప్పుడే దానిని తేవాలి.

దూరంగా ఉంచవలసినవి

డొమినో డామ్‌సెల్ ఎదిగితే 14 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, పెరిగినకొద్దీ దూకుడూ పెరుగుతుంది. సిక్స్‌లైన్ రాస్ చూడ ముచ్చటైనదే అయినా, ఇరుకుచోట తరువాత వచ్చిన చేపలను బతకనివ్వదు. 2016లో వచ్చిన ‘ఫైండింగ్ డోరీ’ చూసిన పిల్లలు నీలిరంగు టాంగ్ కోసం మారాం చేయవచ్చు. అది 30 సెంటీమీటర్లు పెరిగే చేప, దూరాలు ఈదే చేప. చిన్న తొట్టి దానికి జైలు.

మాండరిన్ చేప ఎవరినీ ఏమీ అనదు. కాని రోజంతా రాళ్ళపై సూక్ష్మజీవులను ఏరుకు తింటుంది. చిన్న తొట్టిలో ఆ మేత కొద్దిరోజుల్లో అయిపోయి, చాలావరకు ఆకలితో చనిపోతుంది. సీతాకోక చేపల్లో అనేకం పగడజీవులనే కొరికి తింటాయి. లయన్‌ఫిష్ నోటపట్టే ప్రతి చేపనూ మింగుతుంది. పైగా దాని ముళ్ళలో విషముంది, పిల్లలున్న ఇంటికి అది తగదు.

వరుస, ఓపిక

బిడియపు చేపను ముందు, కాస్త దర్పమున్నదాన్ని చివర వదలాలి. చేపకూ చేపకూ మధ్య రెండు మూడు వారాల ఎడం ఉంచాలి. కొత్త చేపను నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో పరిశీలించడం అన్నిటికన్నా ముఖ్యం. తెల్లచుక్కల రోగం ఒకసారి రీఫ్ తొట్టిలో ప్రవేశిస్తే, దానికి వాడే రాగి మందు పగడజీవులనూ రొయ్యలనూ చంపుతుంది. అందుకే వైద్యం బయటి తొట్టిలోనే జరగాలి.

మరొక జాగ్రత్త చట్టానికి సంబంధించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలకూ సముద్రగుర్రాలకూ 2001లో అత్యున్నత రక్షణ కల్పించారు. మన తీరం నుంచి తెచ్చిన పగడపు రాయిని ఎవరైనా చూపితే కొనవద్దు, సిరామిక్ రాళ్ళు చాలు. చేపల్లో కూడా తొట్టిలో పుట్టి పెరిగినవాటినే అడగండి. క్లౌన్ చేపల పెంపకంలో మన దేశపు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చాలాకాలం క్రితమే విజయం సాధించింది. అలా పెరిగినవి వలలో పడి వచ్చినవాటికన్నా త్వరగా మేతకు అలవాటుపడతాయి.

డొమినోను పట్టడానికి మేము తొట్టిలోని రాళ్ళన్నీ బయటికి తీయవలసి వచ్చింది. పెద్ద తొట్టి ఉన్న ఒక పరిచయస్తునికి దానిని అప్పగించాము. ఇప్పుడు మా తొట్టిలో క్లౌన్ జత, ఒక గ్రామా, ఒక గోబీ, దాని రొయ్య ఉన్నాయి. ఖాళీ ఇంకా ఉందనిపిస్తుంది, కాని దానిని నింపడం లేదు.

మొన్న మా చిన్నవాడు మళ్ళీ దుకాణానికి వచ్చాడు. ఒక గాజుపెట్టె ముందు చాలాసేపు నిలబడి, తరువాత దుకాణదారు వైపు తిరిగి అడిగాడు: “ఇది పెద్దయితే ఎంత అవుతుంది? మా గోబీతో ఉండగలదా?” జవాబు తేలకపోవడంతో వట్టి చేతులతోనే ఇంటికి వచ్చాము. ఆ రోజు మాకు కలిగిన సంతోషం ఏ చేపను కొన్నప్పుడూ కలగలేదు.