ముందు నమూనా, తరువాత మోటారు

ఎడపల్లిలో చెరకుతోటకు నీరుపెట్టే మోటారును కంప్యూటరే నడపాలనుకుందాం. "కాలువలో నీరు తగ్గితే ఆగాలి" అన్న ఒక్క నియమంతో తెర మీద మోటారు నమూనా తయారుచేసి పరీక్షిస్తారు. నెగ్గితే, ఆ నమూనా నుంచే కంప్యూటరు ప్రోగ్రామును రాస్తుంది. రైతుకు చూపుతారు. "కరెంటు పోయి వస్తే?" అంటాడాయన. ఆ నియమాన్నీ నమూనాలో చేర్చి, అన్నిటినీ మళ్ళీ పరీక్షిస్తారు. ఇలా కొంచెం కొంచెంగా పెంచుకుపోవడమే ఎజైల్ పద్ధతి. దీని సూత్రాలను 2001లో అమెరికాలో 17 మంది నిపుణులు ప్రకటించారు.

ఇంత శ్రమ దేనికి? 1996లో ఏరియాన్-5 రాకెట్టులో పాత రాకెట్టు ప్రోగ్రామును కొంత వాడారు. కొత్త ప్రయాణమార్గంతో దాన్ని పరీక్షించలేదు. సుమారు 40 సెకన్లకే రాకెట్టు పేలిపోయింది!

తోట ఎండాక తెలిసే తప్పుకంటే, తెర మీద దొరికే తప్పు మేలు కదూ!