పావు వంతు పథ్యం

రక్తపరీక్ష కాగితం చేతికి వచ్చిన మరునాడు మన మధ్యతరగతి ఇళ్ళలో జరిగే తతంగం నాకు కంఠతా వచ్చు. బియ్యపు డబ్బాకు మూత పడుతుంది. కొర్రలు, రాగులు సంచులతో దిగుతాయి. కాఫీలో చక్కెర మాయమవుతుంది, ఆవకాయ జాడీ అటక ఎక్కుతుంది. కొత్త బూట్లు కొని, తెల్లవారుజామున ఐదు గంటలకే లేచి గంటసేపు నడుస్తారు. ఈ వ్రతం సాధారణంగా పది పన్నెండు రోజులు సాగుతుంది. ఆ తరువాత కడుపు ఉబ్బరమనో, మోకాళ్ళు పట్టేశాయనో, ఇంటికి చుట్టాలు వచ్చారనో ఆగిపోతుంది. ఆగిన వెంటనే పాత తిండి రెట్టింపు రుచితో తిరిగి వస్తుంది. అప్పుడు వైద్యుని వద్దకు వచ్చి, "పథ్యాలు మా వల్ల కాదు లెండి, మందులే ఇవ్వండి" అంటారు.

వీరిలో పట్టుదల లేదని నేననను. పట్టుదల ఉన్నది గనుకనే ఒక్కరోజులో అంత పని చేయగలిగారు. చిక్కంతా ఆ ఒక్కరోజులోనే ఉన్నది.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ఒకటి 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. ఇంకా వ్యాధి కాకుండా దాని గడప మీద నిలిచి ఉన్నవారు 13 కోట్ల పైచిలుకు. ఈ రెండవ వర్గానికి ఆహారవిహారాలే ప్రధానౌషధం. వారు దానిని పన్నెండు రోజులు సేవించి మానివేస్తే గడప దాటినట్లే. అందుచేతనే ఈ వ్యాసంలో ఏమి తినాలన్న దానికంటె, తినే తీరును ఎట్లా మార్చుకోవాలన్న దానినే ఎక్కువగా చెప్పదలచాను.

శాస్త్రం ఏమన్నది?

అష్టాంగహృదయం సూత్రస్థానంలో ఏడవది అన్నరక్షాధ్యాయం. రాజుగారి భోజనంలో విషం కలిసిందో లేదో కనిపెట్టే లక్షణాలతో అది మొదలవుతుంది. పిమ్మట ఒకదానితో ఒకటి పొసగని విరుద్ధాహారాలు వస్తాయి. ఆ వెనుకనే వాగ్భటాచార్యులు అలవాట్ల విషయం ఎత్తుకున్నారు. గురుకులంలో ఈ పాఠం జరుగుతున్నప్పుడు, విషానికీ అలవాటుకూ సంబంధమేమిటని నా సహాధ్యాయి ఒకడు అడిగాడు. "అది ఒక పూటలో చేసే పని ఇది ముప్పై ఏళ్ళలో చేస్తుంది" అని మా గురువుగారు చెప్పి, పాఠం ముందుకు సాగించారు.

వాగ్భటుడు చెప్పినదాని సారమిది. చెడ్డదైనా సరే, ఒంటికి పట్టిన అలవాటును హఠాత్తుగా విడిస్తే వికారం పుడుతుంది. మంచిదైనా సరే, అలవాటు లేనిదానిని హఠాత్తుగా పట్టుకున్నా వికారం పుడుతుంది. కనుక అపథ్యాన్ని నాలుగవ వంతు చొప్పున విడవాలి. అదీ తట్టుకోలేనివారు అందులో మళ్ళీ నాలుగవ వంతు, అంటే పదహారవ వంతు చొప్పున విడవాలి. విడిచిన మేరకు పథ్యాన్ని చేర్చుకోవాలి. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు ఎడమివ్వాలి. చరకసంహిత సూత్రస్థానంలోనూ ఇదే విధానం కనబడుతుంది. దీనికి పాదాంశిక క్రమమని పేరు. పాదమంటే నాలుగవ వంతు. మన నోటి 'పావు' ఆ పాదమే. ఇట్లా క్రమంగా తగ్గిన దోషాలు మళ్ళీ తలెత్తవనీ, క్రమంగా అబ్బిన గుణాలు నిలిచి ఉంటాయనీ శాస్త్రాభిప్రాయం.

నేటి వైద్యులూ దీనిని కాదనరు. పీచు పదార్థం ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం, వాయువు కలుగుతాయనీ, ప్రేవులకు అలవాటుపడే వ్యవధి కావాలనీ వారూ చెబుతారు.

ఒక ఉద్యోగి అనుభవం

కొన్నేళ్ళ క్రితం యాభై ఆరేళ్ళ ఉద్యోగి ఒకరు నా వైద్యశాలకు వచ్చారు. అంతకు ముందు ఆయన మూడు పూటలా అన్నం పూర్తిగా మాని, జొన్నరొట్టె, పచ్చి కూరముక్కలు మాత్రమే తిన్నారు. ఉదయం ఐదు కిలోమీటర్లు నడిచారు. షుగరు మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేసుకున్నారు. ఐదవ నాడు బస్‌స్టాండులో ఒళ్ళంతా వణికి, చల్లని చెమటలు పట్టి, కళ్ళు చీకట్లు కమ్మి కూలబడ్డారు. ఎవరో తీపి టీ తాగిస్తే తేరుకున్నారు. మలబద్ధం ఒకవైపు, మోకాళ్ళ వాపు మరొకవైపు. రెండవ వారానికి ఆయన మళ్ళీ మూడు పూటలా అన్నంలోకే వెళ్ళారు.

మాత్ర అంతే ఉండి తిండి సగానికి తగ్గితే రక్తంలో చక్కెర పడిపోవడం వింత కాదు. అందువలన ఒక మాట ముందే చెబుతున్నాను. షుగరు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఆహారం మార్చేముందు ఆ మందు ఇచ్చిన వైద్యునికి తప్పక తెలియజేయాలి. మందును సొంతంగా తగ్గించరాదు, మానరాదు; ఆయుర్వేద వైద్యుడు మానమన్నా మానరాదు. వణుకు, చెమట, విపరీతమైన ఆకలి కలిగితే వెంటనే చక్కెర గాని గ్లూకోజు గాని నోట వేసుకోవాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పుదినుసులు పెంచేముందు కూడా వైద్యుని సలహా తీసుకోవాలి.

సోలలో గిద్దెడు

ఆ ఉద్యోగి తన వైద్యునికి చెప్పి, ఆయన సలహాతో మందు మోతాదు సరిచేయించుకుని వచ్చిన తరువాత మేము పావు లెక్కన మొదలుపెట్టాము. పాదాంశిక క్రమాన్ని మన పెద్దల కొలతపాత్రలే సులువు చేస్తాయి. సోలకు నాలుగు గిద్దెలు గదా! సోలెడు బియ్యం పోసే ఇంట మూడు గిద్దెల బియ్యం, ఒక గిద్దెడు కొర్రలు. కొర్రలను నాలుగైదు గంటలు విడిగా నానబెట్టి బియ్యంతో కలిపి వండాలి. శాస్త్రం రోజుల లెక్క చెప్పినా, నేటి కదలిక లేని జీవనానికి నేను మెట్టుకు ఒక వారం ఇస్తాను. వారం తిరిగేసరికి ఆకలి, విరేచనం, నిద్ర సక్రమంగా ఉంటేనే రెండవ మెట్టు.

రెండవ పావును కొర్రలకు ఇవ్వను. ఆ మేరకు అన్నమే తగ్గించి, కంచంలో ఆనపకాయ, బీరకాయ, తోటకూర వంటివి, చిక్కని పప్పు పెంచమంటాను. మూడవ పావు జోలికి చాలామందిని పోనివ్వను. అరవై ఏళ్ళ పాటు అన్నం తిన్న శరీరం సగం అన్నంతో సుఖంగా ఉంటే, మిగిలిన సగాన్ని శత్రువుగా చూడవలసిన పనిలేదు. ఆ సగానికి ఏడాది నిలవ ఉన్న పాతబియ్యం మేలు. కొత్తబియ్యం గురువు, పాతది లఘువు.

చిరుధాన్యాలను అమృతంగా ప్రచారం చేయడం ఈ మధ్య ఎక్కువైంది. వాగ్భటుడు కొర్రలు, అరికలు మొదలైన తృణధాన్యాలను లఘువులనీ, కఫపిత్తాలను హరిస్తాయనీ, కొవ్వును కరిగిస్తాయనీ మెచ్చుకుంటూనే, వాతాన్ని పెంచుతాయని కూడా చెప్పాడు. బక్కపలచని వారు, చర్మం పొడిబారేవారు, మలబద్ధం ఉన్నవారు వాటిని తక్కువగా, చిన్న చెంచాడు నేతితో తినాలి.

కడుపులో రెండు పాళ్ళు ఘనాహారం, ఒక పాలు ద్రవం పోగా, నాలుగవ పాలు ఖాళీగా విడవమన్నది కూడా పావు లెక్కే. ఇంకో ముద్ద తినగలననిపించినప్పుడే లేవాలి.

పథ్యం మోసేది ఎవరు?

వైద్యుడు పథ్యం చెప్పేది ఇంటి యజమానికి. దానిని మోసేది ఆయన ఇల్లాలు. ఆయనకు రొట్టె, పిల్లలకు వేపుడు, అత్తగారికి మెత్తని అన్నం అని ఒకే పొయ్యి మీద మూడు వంటలు వండి, మిగిలినదేదో మూడు గంటలకు ఆమె తింటుంది. పక్షం రోజులలో ఆమె అలసిపోతుంది. అక్కడితో పథ్యం కూడా ముగుస్తుంది. నేను చూసిన విఫలపథ్యాలలో సగానికి పైగా ఇట్లా ముగిసినవే. పావు మార్పులో ఉన్న సుఖం ఏమంటే అది ఇంటిల్లిపాదికీ ఒకే కుండలో జరిగిపోతుంది. గిద్దెడు కొర్రలు కలిసిన అన్నాన్ని పిల్లలు గుర్తించను కూడా గుర్తించరు. రోజంతా వంటింట్లో నిలబడడం వ్యాయామమని ఆమె అనుకుంటుంది గాని, అది శ్రమ మాత్రమే. సాయంత్రం పావుగంట నడకకు ఆమెనూ తీసుకుపోవడం భర్త ధర్మం. ఆ పావుగంటకు పొయ్యి దగ్గర పిల్లలు నిలబడవచ్చు.

ఉప్పు, చక్కెర, వేళ

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునంటుంది. సుమారు ఒక టీ చెంచాడు. ఊరగాయ, అప్పడం, వడియం, మజ్జిగలోని ఉప్పు కూడా ఆ చెంచాలోనివే. కూరలో వేసే ఉప్పులో పావు తగ్గించండి. మొదటి వారం చప్పగా ఉంటుంది. కొన్ని వారాలకు నాలుక సర్దుకుంటుంది, అప్పుడు పాత వంటే ఉప్పగా తోస్తుంది. కాఫీకి రెండు చెంచాల చక్కెర వేసేవారు ఒకటిన్నరకు దిగడమే పావు.

రాత్రి భోజనం టెలివిజన్ ధారావాహికలు ముగిసిన పిమ్మట పది గంటలకు చేయడం ఇప్పుడు ఇంటింటి ఆచారమైంది. దానిని ఒక్కరోజులో ఏడున్నరకు తెస్తే అర్ధరాత్రి ఆకలికి లేచి చేగోడీల డబ్బా వెతుకుతారు. మూడు నాలుగు రోజులకు ఒక పావుగంట చొప్పున ముందుకు జరపండి.

పరగడుపున వేడినీళ్ళలో తేనె కలిపి తాగే వారికి ఒక్క మాట. వేడితో తేనెను సేవించడాన్ని మన సంహితలు నిషేధించాయి. ఆయుర్వేదం పేరుతోనే ఇది ప్రచారమవుతుండడం నాకు విచారం కలిగిస్తుంది. కావాలంటే గోరువెచ్చని నీరు ఒక్కటే తాగండి.

సగం బలమే వ్యాయామం

ప్రమేహరోగిని నూరు యోజనాలు నడవమని సుశ్రుతుడే అన్నాడని నాతో వాదించేవారున్నారు. అన్నమాట నిజమే. అయితే అది ధనమూ బంధువులూ లేనివానికి, భిక్షాన్నం తింటూ, గ్రామానికి ఒక రాత్రి చొప్పున ఉంటూ సాగిపొమ్మని చెప్పినది. ఒక్క ఉదయాన పూర్తిచేయమన్నది కాదు. సామాన్య నియమం అర్ధశక్తి. తన బలంలో సగం ఖర్చయ్యే వరకే వ్యాయామం. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఆరడం, నోటితో ఊపిరి తీయవలసి రావడం సగం బలం అయిపోయిందనడానికి గుర్తులు. నడుస్తూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలని నేటి వైద్యులు చెప్పే గుర్తు దీనికి దగ్గరగానే ఉన్నది. చలికాలంలో, వసంతంలో సగం బలం. మన ఎండాకాలంలో, వానాకాలంలో అంతకంటె తక్కువ.

వారానికి 150 నిమిషాల వ్యాయామం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. అరగంటలో పావు ఏడెనిమిది నిమిషాలు. మొదటి వారం అంతే నడవండి. తక్కువని అనిపిస్తుంది, అనిపించనివ్వండి. రెండవ వారం పావుగంట, మూడవ వారం ఇరవై రెండు నిమిషాలు, నాలుగవ వారానికి అరగంట. భోజనమైన వెంటనే వ్యాయామం కూడదు. కొంతసేపు కూర్చుని, నెమ్మదిగా నూరడుగులు వేయవచ్చు. నడకలో గుండెల్లో బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని పాకే నొప్పి కలిగితే అది అరుగుదల లోపమనుకోక తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి.

మధ్యలో తప్పితే?

తప్పుతుంది. పెళ్ళిళ్ళుంటాయి, ప్రయాణాలుంటాయి. ఆ ఉద్యోగి కూడా కూతురి పెళ్ళిలో వారం రోజులు అన్నీ తిన్నారు. అంతా పాడైపోయిందని దిగులుపడుతూ వచ్చారు. మూడవ మెట్టు మీద ఉన్నవారిని మొదటికి పొమ్మనలేదు. రెండవ మెట్టుకు దిగి, అక్కడ మూడు రోజులుండి, తిరిగి మూడవ దానికి ఎక్కమన్నాను. ఆరు నెలలకు నడుము కొలత రెండంగుళాలు తగ్గింది. మోకాళ్ళ వాపు పోయింది. మాత్ర కొనసాగుతూనే ఉన్నది. సంక్రాంతికి అరిసెలు తిన్నవారు ముక్కనుమ మరునాడు కటిక ఉపవాసం చేయనక్కరలేదు. ఆ రోజు మామూలు కంచంలో పావు తగ్గించి, పలుచని మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసి తాగి, ఆకలి పుట్టిన తరువాతనే మరుసటి భోజనం చేస్తే చాలు.